కోవిడ్ తగ్గింది సరే, కాగితం ఏది?

ఇప్పుడు క్రూజ్ బుక్ చేసుకునేవాళ్లు బాల్కనీ ఉన్న గది తీసుకుందామా, డ్రింక్స్ ప్యాకేజీ కలుపుకుందామా అని మాట్లాడుకుంటుంటే వినడానికి హాయిగా ఉంటుంది. 2022 మొదట్లో మేం వెళ్లినప్పుడు మా ఇంట్లో వీటి ఊసే లేదు. కోవిడ్ వచ్చి తగ్గిపోయిన మనిషిని ఓడ ఎక్కనివ్వాలంటే ఏం చూపించాలి, ఎవరి సంతకం కావాలి, ఏ తారీఖు నుంచి లెక్కపెట్టాలి, ఇదే గోల. ఈ మధ్య ఒకరు "అప్పట్లో మీరు ఎలా వెళ్లారు?" అని అడిగితే చెప్పడం మొదలుపెట్టి చాలాసేపు చెప్పాను, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

అమెరికాలో ఆ జనవరి ఎలా గడిచిందో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఒమిక్రాన్ ఇంటింటికీ వచ్చింది, మా ఇంటికీ వచ్చింది. ముందు మా ఆయనకి, ఆ వెంటనే నాకు. ఆయన కౌంటీ వాళ్లు పెట్టిన డ్రైవ్ త్రూ సెంటర్‌కి వెళ్లి పీసీఆర్ చేయించుకున్నారు, మర్నాడు కాకపోయినా ఆ మర్నాడు రిపోర్టు వచ్చింది. నాకు వచ్చేసరికి ఎక్కడా స్లాట్లు లేవు. ఇంట్లో ఉన్న కిట్‌తో చూసుకుంటే రెండు గీతలు కనపడ్డాయి, అవి చూశాక ఇంకా వెళ్లి క్యూలో నిలబడి పదిమందికి అంటించడం దేనికని ఇంట్లోనే పడుకున్నాను. ఇద్దరం వ్యాక్సిన్లు, బూస్టర్లు వేయించుకుని ఉన్నాం కాబట్టి జ్వరం, గొంతుమంట, ఒళ్లునొప్పులతో సరిపోయింది.

లేచి తిరిగే ఓపిక వచ్చాక గుర్తొచ్చింది మయామీలో ఎక్కాల్సిన క్రూజ్. అది 2020లో రద్దయిన ప్రయాణం తాలూకు క్రెడిట్‌తో బుక్ చేసింది, మళ్లీ వాయిదా వేస్తే క్రెడిట్ గడువు దాటిపోతుంది. కంపెనీ వాళ్లు పంపిన ఈమెయిల్ తీసి చదివితే అందరికీ రెండు షరతులు: వ్యాక్సిన్ కార్డు, ఓడ బయల్దేరడానికి రెండు రోజుల లోపు చేయించుకున్న నెగెటివ్ టెస్టు. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది, గత 90 రోజుల్లో కోవిడ్ వచ్చి కోలుకున్నవాళ్లు టెస్టు బదులు 'రికవరీ డాక్యుమెంటేషన్' చూపించవచ్చని. మా కథంతా ఆ చిన్న అక్షరాల్లోనే జరిగింది.

ముందు ఆ 90 రోజుల సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఏదో సడలింపు అనుకున్నారు. పీసీఆర్ టెస్టు వైరస్ బతికుందా చచ్చిందా అని చూడదు. ముక్కులోంచి తీసిన శాంపిల్‌లో వైరస్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యుపదార్థం ముక్క ఏమాత్రం ఉన్నా దాన్ని మళ్లీ మళ్లీ రెట్టింపు చేసి పట్టుకుంటుంది. పెళ్లయి అందరూ వెళ్లిపోయాక కూడా ఇంటి మూలల్లో అక్షింతలు దొరుకుతూనే ఉంటాయి చూడండి, అలాగ. తేలికగా వచ్చి తగ్గినవాళ్లలో పది రోజులు దాటాక బతికున్న వైరస్ సాధారణంగా దొరకదని, అయినా పీసీఆర్ మాత్రం కొందరిలో మూడు నెలల వరకు పాజిటివ్ చూపిస్తూనే ఉంటుందని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2020లోనే చెప్పింది. అంటే ఎవరికీ అంటించే స్థితిలో లేని మనిషి కూడా ఓడ దగ్గర టెస్టులో దొరికిపోవచ్చు. అందుకే అప్పట్లో సీడీసీ మాటే ఏంటంటే, 90 రోజుల లోపు కోలుకున్నవాళ్లకి లక్షణాలేమీ లేకపోతే మళ్లీ టెస్టు అవసరం లేదని. సడలింపు కాదు, తప్పుడు సమాధానం ఇచ్చే ప్రశ్న అడగకపోవడం.

ఇంటి కిట్లలో ఉండే యాంటీజెన్ టెస్టు సంగతి వేరు. అది వైరస్ ప్రోటీన్ కోసం వెతుకుతుంది, ఆ ప్రోటీన్ కాస్త ఎక్కువ మోతాదులో ఉంటేనే గీత పడుతుంది. కాబట్టి తగ్గాక చాలామందికి త్వరగానే నెగెటివ్ వచ్చేస్తుంది. పది రోజులు దాటినా గీత పోనివాళ్లు కొందరున్నారు, కానీ వారాలు గడిచాక అది అరుదు. ఈ తేడా తెలియక కోలుకున్న కొత్తలో "పీసీఆర్ అయితే పక్కాగా ఉంటుంది" అని పోయి చేయించుకుని, పాజిటివ్ వచ్చి, ఆ కొత్త రిపోర్టు తారీఖుతో కథ మొదటికొచ్చి తలపట్టుకున్నవాళ్లని నేనెరుగుదును.

సరే, మా ఆయన దగ్గర ల్యాబ్ రిపోర్టు ఉంది కాబట్టి ఆయనది సులువు అనుకున్నాం. రికవరీ డాక్యుమెంటేషన్ అంటే రెండు కాగితాలు. ఒకటి పాజిటివ్ వచ్చిన వైరల్ టెస్టు రిపోర్టు, శాంపిల్ తీసిన తారీఖుతో. అది 90 రోజుల కన్నా పాతది కాకూడదు, మరీ కొత్తదీ కాకూడదు, కనీసం పది రోజులు గడిచుండాలి. రెండోది డాక్టరో, ప్రజారోగ్య శాఖ అధికారో లెటర్‌హెడ్ మీద ఇచ్చిన ఉత్తరం. వాళ్ల పేరు, చిరునామా, ఫోన్ నంబరు, సంతకం, ఈయన ఐసొలేషన్ ముగించి ప్రయాణానికి సిద్ధంగా ఉన్నారన్న మాట, అన్నీ అందులో ఉండాలి.

క్లినిక్‌కి ఫోన్ చేస్తే ముందు డెస్కులో అమ్మాయి "మేం ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఇవ్వం" అంది. ఫిట్‌నెస్ కాదమ్మా, రికవరీ అంటే హోల్డ్‌లో పెట్టింది. చివరికి పోర్టల్‌లో మెసేజ్ పెడితే ఉత్తరం వచ్చింది, ఎంత ముద్దుగా ఉందంటే ఒక్క లైను, 'ఈ పేషెంటు ప్రయాణం చేయవచ్చు' అని. టెస్టు తారీఖు లేదు, ఐసొలేషన్ మాట లేదు, సంతకం చోట కంప్యూటర్ కొట్టిన పేరు. డాక్టర్ని తప్పు పట్టడానికి లేదు, పాపం ఆ నెలలో వాళ్ల దగ్గరికి రోజూ ఎంతమంది ఇలాంటి ఉత్తరాల కోసం వెళ్లి ఉంటారో. కాబట్టి ఏం రాయాలో మేమే రాసి పంపాం, ఇందులో మార్పులుంటే మార్చి మీ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి ఇవ్వండి అని. అలా పంపిస్తే పని ఒక్క పూటలో అయింది. డాక్టర్ దగ్గర ఏ కాగితం కావాలన్నా ఇదే పద్ధతి మంచిదని నా అభిప్రాయం. మీకు కావాల్సింది మీకు తెలుసు, వాళ్లకి తెలియదు.

ఇంతలో ఇంకో చిక్కు, ఇది మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఆయన పేరు మూడు ముక్కలు, మొదటి ముక్క వెంకట. టెస్టింగ్ సెంటర్‌లో రాసుకున్నవాళ్లు ఆ మొదటి ముక్క ఒక్కటే ఎక్కించుకుని మిగతాది వదిలేశారు. క్లినిక్‌లో మాత్రం అందరూ పిలిచే చివరి ముక్కతో ఉంది. అంటే రిపోర్టు ఒక వెంకటది, ఉత్తరం ఇంకో ఆయనది, పాస్‌పోర్టు ఇద్దరినీ కలిపిన మూడో మనిషిది. ఇంటిపేరు, పుట్టినతేదీ కలుస్తున్నాయి కదా అని ఊరుకోవచ్చు గానీ, ఓడ రేవులో ఆ రోజు కౌంటర్‌లో కూర్చున్న మనిషి మూడ్ మీద మా సెలవులు ఆధారపడటం నాకు నచ్చలేదు. ఉత్తరంలో పాస్‌పోర్టు పేరు పూర్తిగా రాయించి, టెస్టు తారీఖు, ల్యాబ్ పేరు కూడా అందులోనే పెట్టించాం. తారీఖు కూడా అంకెల్లో కాకుండా నెల పేరు అక్షరాల్లో. జనవరి పదో తారీఖుని అక్టోబర్ ఒకటి అని చదివే ప్రమాదం మనకి తెలిసినంతగా వాళ్లకి తెలియదు.

ఇక నా సంగతి. నాకూ కోవిడ్ వచ్చింది, ఆయన కన్నా గట్టిగానే వచ్చింది. కానీ లెక్కలో రాలేదు. ఇంట్లో మనకి మనమే చేసుకున్న టెస్టు ఏ ల్యాబ్ రికార్డులోనూ ఉండదు, చూసినవాళ్లు లేరు, ఫోటో తీసి పెట్టినా అది ఎవరి కిట్టో ఎప్పటిదో ఎవరు చెప్పగలరు. ఆ ఒమిక్రాన్ వేవ్‌లో జబ్బుపడ్డ ఎంతోమందిది నా పరిస్థితే. ఇంట్లోనే చూసుకోండి, బయటికి రాకండి అని ఒకవైపు చెప్పి, మరోవైపు ఇంట్లో చూసుకున్నది చెల్లదనడం నాకు అప్పుడూ ఒళ్లుమండింది, ఇప్పుడూ మండుతుంది. మోసాన్ని ఆపడానికే ఆ నిబంధన, అది అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం పోదుగా.

కాబట్టి ఒకే ఇంట్లో, ఒకే జబ్బు తగ్గిన ఇద్దరికి రెండు దారులు. ఆయన టెస్టు చేయించుకోకూడదు, నేను చేయించుకోవాలి. నాకు పీసీఆర్ వద్దే వద్దని ముందే నిర్ణయించుకున్నా. కంపెనీ వాళ్లు యాంటీజెన్ ఒప్పుకుంటున్నారు, అందులోనూ వీడియోలో ఒక మనిషి చూస్తుండగా ఇంట్లో చేసుకునేది కూడా చెల్లుతుంది. అబాట్ కంపెనీ వాళ్ల బైనాక్స్‌నౌ కిట్టు, వీడియోలో చూసేందుకు ఈమెడ్ అనే సర్వీసు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే అవతల ఒకాయన కిట్టు సీలు చూపించమన్నారు, నా ఐడీ చూశారు, టెస్టు కార్డు రంధ్రంలో కిట్టులోని ద్రవం ఆరు చుక్కలు వేయించారు, ఒక్కో ముక్కు రంధ్రంలో స్వాబ్ అయిదుసార్లు తిప్పించారు. తర్వాత పదిహేను నిమిషాలు ఆ కార్డు కెమెరా ముందు నుంచి కదలకూడదు. ఆ పదిహేను నిమిషాలు మాత్రం టెన్షన్ మామూలుగా లేదు, ఒంట్లో బాగానే ఉందని తెలుసు, అయినా ఆ రెండో గీత చోటు వంకే చూస్తూ కూర్చున్నా. నెగెటివ్. రిపోర్టు ఫోన్ యాప్‌లోకి వచ్చేసింది.

టెస్టు ఎప్పుడు చేయించుకోవాలన్నది ఇంకో తిరకాసు. రెండు రోజులంటే 48 గంటలు కాదు, క్యాలెండర్ రోజులు. ఓడ శనివారం బయల్దేరితే గురువారం ఏ టైములో చేయించుకున్నా సరిపోయేది. మొదటి రోజే చేయించుకోవడం నయం, ఏదైనా తేడా వస్తే రెండో రోజు చేతిలో ఉంటుంది.

వ్యాక్సిన్ విషయంలో మాత్రం కోలుకున్నవాళ్లకి మినహాయింపు లేదు. కోవిడ్ వచ్చి తగ్గిపోయింది కాబట్టి వ్యాక్సిన్ వేయించుకున్నట్టే అనే వాదన ఓడ దగ్గర చెల్లలేదు. ప్రయాణికుల్లో 95 శాతం, సిబ్బందిలో 95 శాతం వ్యాక్సిన్ పూర్తయినవాళ్లు ఉండాలన్న లెక్క మీద చాలా ఓడలు నడిచాయి. నాకిందులో పేచీ ఏమీ లేదు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ ఓడని ఆపేసినప్పుడు అందులో 3,711 మంది ఉన్నారు, వాళ్లలో ఏడు వందల మందికి పైగా కోవిడ్ అంటుకుంది. ఆ తర్వాత మార్చి 14న అమెరికాలో క్రూజ్‌లు ఆపించేశారు, మళ్లీ ప్రయాణికులతో కదిలింది 2021 జూన్‌లో. అంత జరిగాక తలుపు దగ్గర నాలుగు ప్రశ్నలు అడగడం తప్పు కాదు.

ఆ ప్రశ్నల దగ్గరే మాకు అసలు గుండె దడ. టెర్మినల్‌లోకి వెళ్లే ముందు హెల్త్ క్వశ్చనీర్ నింపాలి, జ్వరం ఉందా, దగ్గు ఉందా, ఆయాసం ఉందా అని. మా ఆయనకి కోవిడ్ తగ్గినా దగ్గు వదల్లేదు. రోజంతా కాదు, ఏసీలోకి వెళ్తే ఒక విడత. రికవరీ ఉత్తరం పనికొచ్చేది లక్షణాలు లేనివాళ్లకే. దగ్గు ఉందని రాస్తే పక్కకి తీసుకెళ్తారు, లేదని రాసి లోపల దగ్గితే ఇంకా పెద్ద గొడవ. నిజమే రాద్దామన్నారు ఆయన, రాశారు. పక్కకి తీసుకెళ్లారు. నర్సు ఆక్సిజన్ చూసింది, జ్వరం చూసింది, ఉత్తరం మొత్తం చదివి, తారీఖులు లెక్కపెట్టి, ఎప్పటి నుంచి దగ్గు, కొత్తగా పెరిగిందా అని అడిగింది. తర్వాత లోపలికి ఫోన్ చేసి ఎవరినో అడిగి పంపించేసింది. నేను బయట సూట్‌కేసుల మీద కూర్చుని, ఆయన్ని వెనక్కి పంపితే నేనొక్కదాన్నీ వెళ్లాలా మానాలా అని ఆలోచిస్తున్నా. వెళ్దామనే అనుకున్నా, ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు.

ఇవన్నీ ఒక్కో దేశానికి ఒక్కోలా ఉండటం ఇంకా తమాషా. అప్పట్లో అమెరికాలో కోలుకున్న కాగితానికి ఆయుష్షు 90 రోజులు, యూరోపియన్ యూనియన్ సర్టిఫికెట్‌లో అదే 180 రోజులు. ఓడ ఒక దేశంలో ఎక్కి ఇంకో దేశంలో దిగేవాళ్లు ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద రాసుకుని తిరగాల్సి వచ్చేది.

అమెరికాకి వచ్చే విమానాలదీ అప్పట్లో ఇంచుమించు ఇదే పద్ధతి. 2021 జనవరి 26 నుంచి టెస్టు ఉండాలన్నారు, డిసెంబర్ 6 నుంచి దాన్ని ప్రయాణానికి ఒక్క రోజు ముందుకి కుదించారు, కోలుకున్నవాళ్లకి అవే రెండు కాగితాలు. 2022 వసంతంలో ఇండియా వెళ్లి అక్కడ కోవిడ్ తెచ్చుకున్న మా ఫ్రెండ్‌కి నేను మా ఆయన ఉత్తరం నమూనా పంపాను, పేర్లు తీసేసి. అక్కడి డాక్టర్ చేత సంతకం పెట్టించుకోవడానికి మళ్లీ అదే తంటా, లెటర్‌హెడ్ మీద ఫోన్ నంబరు లేదని ఒకసారి, పాస్‌పోర్టు పేరు లేదని ఒకసారి తిరిగింది. ఆమె టికెట్ జూన్ మధ్యలో. జూన్ 12 నుంచి ఆ విమానాల టెస్టే ఎత్తేశారు. జూలై 18న సీడీసీ క్రూజ్‌ల కోవిడ్ ప్రోగ్రాం కూడా ముగించేసింది, టెస్టులు ఉంచాలో తీసేయాలో కంపెనీల ఇష్టమైంది, ఆ ఏడాది చివరికి పెద్ద కంపెనీలు చాలావరకు ఎత్తేశాయి.

ఆ ఉత్తరం పనికిరాకుండా పోయిందని ఫ్రెండ్ ఇప్పటికీ నన్నే తిడుతుంది, రూలు నేనే పెట్టి నేనే తీసేసినట్టు.