చెరువు కథకు పటం కట్టించాం

గుడ్డ మీద కథను బొమ్మలుగా గీసే చేర్యాల నకాషీ పటం అంటే ఇప్పుడు చాలామందికి హాల్లో గోడకు తగిలించుకునే ఫ్రేమే గుర్తొస్తుంది. కానీ పటం పుట్టింది ఆట కోసం. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పాలన్నా, గౌడజెట్టీలు గౌడులకు వాళ్ల కులపురాణం చెప్పాలన్నా, కాకిపడగలవాళ్లు ముదిరాజుల ముందు కథ ఎత్తుకోవాలన్నా వెనకాల పటం వేలాడాల్సిందే. సుమారు 3 అడుగుల వెడల్పు, కొన్నయితే 40 అడుగులు దాటిన పొడవు. పైన వినాయకుడితో మొదలై గడి తర్వాత గడిగా కథ కిందికి దిగుతుంది. కథ చెప్పేవాళ్లే పటం గీసే నకాషీ ఇంటికి వెళ్లి, కథ వినిపించి, ఏ ఘట్టంలో ఎవరుండాలో చెప్పి గీయించుకునేవాళ్లు. అంటే ఆడేవాళ్లూ గీసేవాళ్లూ కలిసి కూర్చుని చేసిన పని అది.

సిద్దిపేట జిల్లాలో ఒక ఊరి చెరువు మీద ఊరివాళ్లతోనే నాటకం ఆడించాలనుకున్నప్పుడు నేను ఈ పద్ధతినే నమ్ముకున్నాను. ముందు స్క్రిప్టు రాసుకుని తర్వాత సెట్టింగు కోసం బొమ్మలు గీయించుకోవడం నాకు ఇష్టం లేదు. పటం, నాటకం రెండూ ఒకేసారి పెరగాలి. అందుకే చేర్యాల నుంచి నకాషీ పెద్దాయనను మొదటి రోజే పిలిచాం. డబ్బిచ్చిన సంస్థ కాగితాల్లో ఆయన పేరు ‘సామగ్రి’ అనే పద్దు కింద ఉంది. దాన్ని మార్పించడానికి చాలా ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. ఊరివాళ్ల మధ్య కూర్చుని వినే రోజులకూ ఆయనకు కూలి కట్టివ్వాలని పట్టుబట్టాను. వినడం కూడా ఆ పనిలో భాగమే.

కథ ఎక్కడ మొదలవ్వాలన్న దగ్గరే గొడవ. బడిపిల్లలు కాకతీయ రాజుతో మొదలుపెడదామన్నారు. ఒక ఒడ్డెర అవ్వ ఒప్పుకోలేదు. “రాజుదేముంది బిడ్డా, హుకుం ఇచ్చిండు. తట్ట మోసిందెవరు?” అంది. దాంతో రాజు కిరీటంతో సహా ఓ మూలకు జరిగాడు. మొదటి గడిలోకి గడ్డపారలు, తట్టలు, గాడిదలు వచ్చాయి. ఆ తర్వాత నీరటి తాత నోరు విప్పాడు. తూము ఎత్తడం, దించడం, ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూడటం ఆయన ఇంటి పని. “రాత్రిపూట ఎవరన్న దొంగతనంగ తూము ఎత్తుతరని కట్ట మీదనే పండేటోణ్ణి” అన్నాడు. ఆ ఒక్క మాటతో రెండో రంగం మొత్తం తయారైంది. చీకటి, కట్ట, ఒంటరి మనిషి, కింద నీళ్ల చప్పుడు.

ఆడవాళ్లకు కాగితాలు, పెన్సిళ్లు ఇస్తే “మాకేం గీయొస్తదమ్మా” అని పక్కన పెట్టేశారు. బడి ఆవరణలో అలికించి ముగ్గుపిండి తెప్పించాను. ఇక చూడాలి! ఒకామె కట్ట గీస్తే ఇంకొకామె దాని మీద పోచమ్మ గుడి పెట్టింది. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకేచోట నీళ్లను మెలికల ముగ్గుతో చూపించారు. బతుకమ్మలు వదిలే ఒడ్డును ఎంత పెద్దగా వేశారంటే, చెరువు దాని పక్కన చిన్నబోయింది. చిన్నది చేయమని నేను అడగలేదు. వాళ్ల చెరువులో ఆ ఒడ్డు అంత పెద్దదే. పెద్దాయన ఆ ముగ్గుల చుట్టూ నెమ్మదిగా తిరిగి, ప్రతిదాని దగ్గరా ఆగి ఒకటే అడిగేవాడు: “ఈ గడిల మొదలు నా కన్ను ఎవరి మీద పడాలె?” నాటకం నేర్పే ఎన్నో శిబిరాలకు వెళ్లాను. ఒక రంగాన్ని నిలబెట్టడానికి ఇంతకంటే పదునైన ప్రశ్న నేను వినలేదు. జవాబు దొరకని గడి రిహార్సల్లో కూడా నిలబడేది కాదు.

గుడ్డ తయారీ ఊళ్లోనే చేయించాం. ఖాదీ గుడ్డను గంజి పట్టించి ఆరబెట్టాలి. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, చిక్కగా ఉడికించి, అందులో సుద్దమట్టి, బంకనీళ్లు కలిపి పూత వేయాలి. ఒక పూత పూర్తిగా ఆరితేగానీ ఇంకో పూత వేయకూడదు. అలా మూడు పూతలు. ఉడికే చింతగింజల వాసనకు పిల్లలు ముక్కులు మూసుకుంటూనే పొయ్యి దగ్గర నుంచి కదిలేవాళ్లు కాదు. పూత ఆరేలోపు రిహార్సల్, ఆరాక మళ్లీ పూత. గుడ్డ తొందరపడదు కాబట్టి మేమూ తొందరపడలేదు. సగం పాటలు ఆ ఆరబెట్టే వేళల్లో పుట్టినవే.

అన్నిటికంటే పెద్ద చర్చ ఒక రంగు మీద జరిగింది. నకాషీ పటంలో రంగు చూస్తేనే మనిషెవరో తెలిసిపోతుంది. దేవుళ్లకు నీలం, అమ్మవార్లకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ, మామూలు మనుషులకు ఒంటిరంగు. వెనకంతా ఎరుపు. మరి శిఖం భూమిని, అంటే చెరువు నీళ్లు నిలవాల్సిన నేలను, కొంచెం కొంచెంగా దున్నుకుంటూ చెరువులోకి దిగినవాడికి ఏ రంగు వేయాలి? కుర్రాళ్లంతా రాక్షసుడి రంగే అన్నారు. పెద్దవాళ్లు ఊరుకున్నారు. కాసేపటికి ఒకామె అంది: “గట్ల ఎట్ల? వాడు నా మేనమామ కొడుకే. నీళ్లు రాని ఏడు మా ఆయన కూడ ఆడ జొన్నలు ఏసిండు.” సాయంత్రం దాకా తేలలేదు. చివరికి పెద్దాయన, “మనిషి రంగే ఏస్తా. తప్పేందో మీరు ఆడి చూపెట్టుండ్రి” అన్నాడు. నాటకం ఏం చేయాలో ఆ మాటతో తేలిపోయింది. వాణ్ణి రాక్షసుడిగా గీస్తే చూసేవాళ్లు తిట్టి ఇంటికి పోతారు. మనిషిగా గీస్తే లేచి మాట్లాడాలి.

బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ రూపుదిద్దిన ఫోరం థియేటర్‌లో చూసేవాళ్లు ఆట ఆపి, వేదికెక్కి, పాత్ర తీసుకోవచ్చు. అయితే వాళ్లు తీసుకోవాల్సింది నష్టపోతున్నవాడి పాత్రే. ఆ నియమాన్ని మేము శిఖం గడి దగ్గర వాడాం. ఆట రోజు పటం విప్పుతూ, కట్టెతో గడి చూపిస్తూ కథకురాలు చెబుతుంటే ముందు భాగంలో మిగతావాళ్లు ఆడారు. ఆ గడి దగ్గర చేపలు పట్టే కుర్రాడు శిఖం దున్నుకున్నవాడి ముందు నోరు పెగలక నిలబడతాడు. “ఈ పిల్లగాని జాగల ఎవరొస్తరు?” అని కథకురాలు అడిగింది. కాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత మత్స్య సంఘంలో పనిచేసే ఒకామె కొంగు బిగించి వచ్చింది. “నీ బిడ్డ పెండ్లికి చేపలు ఏడికెల్లి తెచ్చినవ్?” అని అడిగింది. ఎదుటి పాత్ర వేసిన అబ్బాయికి జవాబు దొరకలేదు. ఆమె వెనకే నీరటి తాత కట్టె పొడుచుకుంటూ వచ్చాడు. “చెరువు నిండితే నీళ్లు ఏడిదాకొస్తయో నాకెరుక. రాళ్లు తెండ్రి, నేను జూపెడత” అన్నాడు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే ఎఫ్‌టీఎల్ హద్దు గురించి అధికారుల దగ్గర ఎన్నిసార్లు విన్నానో. ఆ హద్దు ఒక మనిషి కాళ్లకు తెలుసన్నది మాత్రం ఆ రాత్రే చూశాను. 2015లో చెరువుల బాగుకోసం ప్రభుత్వం మొదలుపెట్టిన మిషన్ కాకతీయలో ఈ ఊరి చెరువుకూ పూడిక తీశారు. ఆ మట్టి తోలుకున్న రైతులు కూడా తర్వాత లేచి తమ మాట చెప్పారు. ఆట అర్ధరాత్రి దాటింది.

మాస్కులు కూడా చేశాం. చెక్కపొట్టు, చింతగింజల పిండి కలిపి ముద్ద చేసి, ఆరాక రంగులు వేశాం. ముఖానికి కట్టుకుంటే మాట వినిపించలేదని ఆడవాళ్లు వాటిని చేత్తో పట్టుకుని, మాట్లాడేటప్పుడు పక్కకు తీశారు. దానివల్ల పాత్ర ఎక్కడ ఆగుతుందో, మనిషి ఎక్కడ మొదలవుతుందో చూసేవాళ్లకు తేటగా తెలిసింది.

పటం ఎవరి దగ్గర ఉండాలన్నది తేలడానికి మరో పంచాయితీ. గ్రామపంచాయతీ ఆఫీసులో అంటే ఎవరూ నమ్మలేదు, గుడిలో అంటే అందరూ ఒప్పుకోలేదు. మహిళా సంఘం భవనంలో పెట్టారు, తాళంచెవి ఇద్దరి దగ్గర ఉంటుంది. ఇది గొలుసుకట్టు చెరువు. మా మత్తడి దుంకిన నీళ్లు కింది ఊరి చెరువుకు పోతాయి. ఆట చూడ్డానికి వచ్చిన కింది ఊరివాళ్లు తమ చెరువు కథ కూడా దీనికే కుట్టించమని అడుగుతున్నారు. గుడ్డకు, రంగులకు డబ్బులు జమచేస్తున్నారు. పెద్దాయన ఒప్పుకున్నాడు. నేను పోయి వాళ్ల తరఫున చెబితే మాత్రం గీయడట. కథ వాళ్లే వచ్చి చెప్పాలన్నాడు, వచ్చేటప్పుడు వాళ్ల నీరటిని కూడా తీసుకురమ్మన్నాడు.