మోడెం అంకెలు చూపిస్తే గానీ కదల్లేదు

కేబుల్ ఆఫీసు వాళ్ళ మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

మాది గుంటూరు బ్రాడీపేట. ఇంట్లోంచే ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్లో లెక్కలు చెప్తాను. ఎండ ముదిరేసరికి నెట్ పోయేది, రాత్రికి కాస్త కుదుటపడేది. మోడెం ఆపి మళ్ళీ వేశా, వైఫై మానేసి వైరు పెట్టి చూశా, ఫలితం లేదు.

బ్రౌజర్లో 192.168.100.1 కొడితే చాలా కేబుల్ మోడెంలలో సిగ్నల్ పేజీ తెరుచుకుంటుంది. డౌన్‌స్ట్రీమ్ పవర్, అంటే బయటి నుంచి మోడెంకి వచ్చే సిగ్నల్ బలం, మైనస్ 7కీ ప్లస్ 7కీ మధ్య ఉంటే నిశ్చింత. నాది మైనస్ 13 డీబీఎంవీ (సిగ్నల్ బలాన్ని డెసిబెల్స్‌లో చెప్పే కొలత). ఎస్ఎన్ఆర్, అంటే రొద కన్నా సిగ్నల్ ఎంత పైన ఉందో చెప్పే అంకె, 33 పైన ఉండాల్సింది, 29 ఉంది. అప్‌స్ట్రీమ్, అంటే మోడెం బయటికి పంపే సిగ్నల్ బలం, 52. ఇది ఎక్కువుంటే మంచిదనుకుంటారు చాలామంది. కాదు. చెవిటివాడితో గొంతు చించుకుని మాట్లాడుతున్నట్టు, అవతలికి సరిగ్గా అందక మోడెం బలం పెంచుకుంటూ పోతోందన్నమాట. ఇక పెంచలేని చోట జవాబు రాదు, మోడెం రాసుకునే చిట్టా (లాగ్)లో టీ3 టైమౌట్లు, అంటే జవాబు కోసం చూసి చూసి వదిలేసిన గుర్తులు, వరసగా పడతాయి.

అవన్నీ కాగితం మీద రాసుకుని ఆఫీసుకి వెళ్ళా. కౌంటర్ అబ్బాయి కాగితం వైపు చూడనైనా చూడలేదు. "ఇంట్లో మగవాళ్ళెవరైనా ఉంటే పంపండమ్మా, మీకు చెప్పినా అర్థం కాదు" అన్నాడు. బిల్లు కట్టడానికొచ్చిన వాళ్ళంతా నా వైపు తిరిగారు. ఇరవై ఏళ్ళుగా లాగరిథమ్స్ చెప్తున్నదాన్ని, డెసిబెల్ అంటే ఏమిటో నాకు ఇతను చెప్పాలా! "బాబూ, 3 డీబీ తగ్గితే పవర్ సగమవుతుంది. 13 తగ్గితే ఎంత మిగులుతుందో చెప్పు" అన్నా. నోరు మెదపలేదు. లోపలున్న పెద్దాయన బయటికొచ్చి, కాగితం తీసుకుని చదివి, "అప్‌స్ట్రీమ్ 52 ఉందిరా, పొద్దున్నే లైన్ కుర్రాణ్ణి పంపు" అన్నాడు. నాకు మాత్రం ఎవరూ సారీ చెప్పలేదు.

వచ్చిన కుర్రాడు మంచివాడు. డాబా పిట్టగోడ మీద, ఎప్పుడో మూడు టీవీలకని పెట్టిన, ఒక కేబుల్‌ని నాలుగుగా పంచే స్ప్లిట్టర్ అలాగే ఉంది. అదొక్కటే వచ్చే సిగ్నల్‌లోనూ వెళ్ళే సిగ్నల్‌లోనూ చెరో 7 డీబీ తినేస్తుంది. దాని పక్క కనెక్టర్ విప్పితే లోపలి రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఎండకి వైర్లో నష్టం ఎలాగూ పెరుగుతుంది, అంచు మీదున్న లైను మధ్యాహ్నం పడిపోయేది అందుకే. స్ప్లిట్టర్ తీసేసి, కొత్త కనెక్టర్లు వేసి, నేరుగా జాయింటు కలిపాడు. డౌన్‌స్ట్రీమ్ మైనస్ 2, అప్‌స్ట్రీమ్ 42, ఎస్ఎన్ఆర్ 37.

ఆఫీసుకెళ్ళే ముందు ఆ పేజీ ఫోటో తీసుకోండి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. "మోడెం పాతదైంది, కొత్తది కొనండి" అంటే మాత్రం అంకెలు చూడకుండా పైసా ఇవ్వొద్దు. నెట్ లేని రోజులకు బిల్లు తగ్గించమని నేను కాగితం రాసిచ్చి, నకలు మీద ఆ కౌంటర్ అబ్బాయి చేతే స్టాంపు వేయించుకున్నాను.