349 గడులు: డిక్సీ డీన్ చార్టు ఎంతవరకు వచ్చిందంటే

మొదటి వారం

ఒక గోలుకు ఒక గడి, అంతే పథకం. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఎవర్టన్ తరఫున డిక్సీ డీన్ 1925 నుంచి 1938 దాకా లీగ్ మ్యాచుల్లో కొట్టిన 349 గోల్స్‌ని గ్రాఫ్ కాగితం మీద, సీజన్‌కో నిలువు వరుస చొప్పున, నీలం గడులుగా నింపాలి. కంప్యూటర్లో పది నిమిషాల పని అని మా అమ్మాయి రెండుసార్లు గుర్తుచేసింది. నిజమే. కానీ చేత్తో నింపితే తప్ప ఏ లెక్కా నాకు వంటబట్టదు. పోయినేడాది బ్రాడ్‌మన్ 80 టెస్ట్ ఇన్నింగ్స్ ఇలాగే గీశాను. అప్పుడు మిగిలిన రంగు పెన్సిళ్లే ఇప్పుడూ వాడుతున్నాను.

డీన్ 1907 జనవరి 22న లివర్‌పూల్‌కు నది అవతల ఉన్న బర్కెన్‌హెడ్‌లో పుట్టాడు. ఆ ఊరి క్లబ్బు ట్రాన్‌మియర్ రోవర్స్‌కి 30 లీగ్ మ్యాచుల్లో 27 గోల్స్ కొట్టాడు. 1925 మార్చిలో ఎవర్టన్ 3,000 పౌండ్లిచ్చి తీసుకుంది. అప్పటికి అతనికి 18 ఏళ్లు. 'డిక్సీ' అని పిలిస్తే అతనికి నచ్చేది కాదు, బిల్ అనమనేవాడు. చార్టు మీద పేరు డిక్సీ అనే రాశాను, లేకపోతే చూసేవాళ్లకి ఎవరో తెలియదు.

మొదటి షీటు చెత్తబుట్టలోకి పోయింది. A3 షీటును అడ్డంగా పెట్టి, గోలుకు 5 మిల్లీమీటర్ల ఎత్తు ఇచ్చాను. నాలుగో వరుసకి, అంటే 1927-28కి వచ్చేసరికి 54వ గడి దగ్గర కాగితం అయిపోయింది. ఇంకా ఆరు గోల్స్ బయటే ఉన్నాయి! కొలత ముందే చూసుకోవాల్సింది: 60 గడులకు 30 సెంటీమీటర్లు కావాలి, A3 పొట్టి వైపు ఉన్నదే 29.7. షీటును నిలువుగా తిప్పితే సరిపోతుంది. వరుసకు 15 మిల్లీమీటర్ల వెడల్పు ఇస్తే 14 సీజన్లకు 21 సెంటీమీటర్లు. ఎడమ వైపు అంకెలకు 4 సెంటీమీటర్లు, పైన పేరుకి కావాల్సినంత చోటు.

రెండో వారం

రంగు వేయకముందే కూడిక చూసుకోవడం మంచిదని కాగితం మీద రాసి కూడాను. 2, 32, 21, 60, 26, 23, 39, 44, 24, 9, 26, 17, 24, 1. వచ్చింది 348. మళ్లీ కూడాను, మళ్లీ 348. ఒక్క గోలు కోసం ఒక సాయంత్రం మొత్తం పోయింది. చివరికి చూస్తే తప్పు 1931-32 దగ్గర ఉంది. 45కి బదులు 44 రాసుకున్నాను. 45 పెడితే 349 సరిగ్గా వచ్చింది. మ్యాచులు కూడా కూడి చూశాను: 7, 38, 27, 39, 29, 25, 37, 38, 39, 12, 38, 29, 36, 5. మొత్తం 399. ఇక ధైర్యంగా రంగు పెట్టొచ్చు.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్లకు ఒక మాట. లీగ్ గోల్స్, కప్పు గోల్స్ కలపొద్దు. కప్పు పోటీలు కూడా కలిపితే ఎవర్టన్‌కి అతని లెక్క 433 మ్యాచుల్లో 383 అవుతుంది. ఒక చోట 349, ఇంకో చోట 383 కనబడితే కంగారు పడక్కర్లేదు, రెండూ సరైనవే. ఇంగ్లండ్ జట్టు లెక్క వేరు: 16 మ్యాచుల్లో 18. అందులో 12 గోల్స్ మొదటి ఐదు మ్యాచుల్లోనే, 1927 ఫిబ్రవరి నుంచి మే లోపల వచ్చాయి. వేల్స్ మీద 2, స్కాట్లండ్ మీద 2, బెల్జియం మీద 3, లక్సెంబర్గ్ మీద 3, ఫ్రాన్స్ మీద 2. వీటికోసం కింద చిన్న పట్టీ ఒకటి గీశాను.

మూడో వారం

మొదటి మూడు వరుసలు అయ్యాయి. 1924-25లో రెండే గడులు, ఆ పక్కనే 32. ఈ దూకుడంతా డీన్ ఖాతాలో వేస్తే అన్యాయం. 1925 వేసవిలో ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతకుముందు తోటి ఆటగాడు బంతిని తన్నే వేళకు ముందున్న ఆటగాడికీ గోలు గీతకీ మధ్య ప్రత్యర్థులు ముగ్గురుండాలి, తర్వాత ఇద్దరుంటే చాలన్నారు. ఇంగ్లిష్ లీగ్ మొత్తంలో గోల్స్ ఒక్క ఏడాదిలో 4,700 నుంచి 6,373కి పెరిగాయి. అందుకే మొదటి రెండు వరుసల మధ్య ఎర్ర చుక్కల గీత ఒకటి పెట్టాను.

మూడో వరుస, 1926-27, చూడ్డానికి చిన్నది. 27 మ్యాచుల్లో 21. కానీ నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇదే. 1926 జూన్‌లో ఉత్తర వేల్స్‌లో మోటార్ సైకిల్ ప్రమాదమై అతని పుర్రె, దవడ విరిగాయి. మళ్లీ ఆడటం అనుమానమే అన్నారు డాక్టర్లు. అక్టోబరుకల్లా మైదానంలో ఉన్నాడు. తలతో గోల్స్ కొట్టడంలోనే పేరున్న మనిషి, ఆ కాలపు తోలు బంతి వానకు నాని బరువెక్కేది, దాన్ని అదే తలతో కొట్టాడు.

ఇక్కడే ఇంకో ఆలోచన వచ్చింది. గోల్స్ గడులతో పాటు, ఆ సీజన్‌లో ఆడిన మ్యాచుల ఎత్తులో ఒక సన్నని నల్ల గీత కూడా గీస్తే? 0.3 పెన్నుతో గీశాను. జెల్ పెన్ను వాడొద్దు, పెన్సిల్ రంగు మీద జారి అంటుకుపోతుంది. ముందు గీత గీసి, ఆరాక రంగు వేయాలి. నేను ఒక వరుసలో తిరగేసి చేశాను, ఆ మరక ఇప్పటికీ ఉంది.

నల్ల గీతను దాటి పైకి వెళ్లిన వరుసలు 14లో మూడే: 39 మ్యాచుల్లో 60, 37లో 39, 38లో 45. మిగతావన్నీ గీత కిందే ఆగాయి.

నాలుగో వారం

42 మ్యాచుల ఎత్తులో ఇంకో గీత కూడా పైన పెట్టాను. అప్పట్లో సీజన్‌కి లీగ్ మ్యాచులు అన్నే. రెండు గీతల మధ్య ఖాళీ ఉంటే అతను ఆడలేదన్నమాట. 1925-26 నుంచి 1936-37 దాకా 12 సీజన్లు, 504 మ్యాచులు. అతను ఆడినవి 387. ఖాళీ 117.

ఈ ఖాళీలు చూశాక చార్టు మీద నా అభిప్రాయమే మారింది. 1929-30లో 25 మ్యాచుల్లో 23 గోల్స్, ఏమంత తక్కువ కాదు. కానీ 17 మ్యాచులకు లేడు. ఆ ఏడాదే ఎవర్టన్ అట్టడుగున నిలిచి, తన చరిత్రలో మొదటిసారి రెండో డివిజన్‌కి పడిపోయింది. 1933-34లో 12 మ్యాచులే, గోల్స్ 9. రంగు వేసిన గడులు అందరూ చూస్తారు, వేయనివి కూడా లెక్కపెట్టమనే నేనంటాను.

1930-31 వరుసకి లేత నీలం వాడాను, అది రెండో డివిజన్ కాబట్టి. అక్కడి నుంచి మూడేళ్లలో రెండో డివిజన్ గెలిచారు, మొదటి డివిజన్ గెలిచారు, 1933లో ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ ఎఫ్.ఎ. కప్పు గెలిచారు. ఆ మూడు వరుసలు కలిపితే 108 గడులు. ఒక ముదురు నీలం పెన్సిలు ఇక్కడే అరిగిపోయింది. డబ్బా మొత్తం కొనకండి, విడిగా ఒక్క రంగే అమ్మే షాపులుంటాయి.

ఐదో వారం

1927-28కి విడిగా A4 షీటు. జట్టు ఆడిన 42 మ్యాచులకు 42 అడ్డ గీతలు. మొదటి తొమ్మిది మ్యాచుల్లో ప్రతిదాంట్లోనూ గోలుంది, మొత్తం 17. తొమ్మిదోది అక్టోబర్ 8న మాంచెస్టర్ యునైటెడ్ మీద 5-2, ఐదూ డీన్‌వే. తర్వాతి 30 మ్యాచుల్లో 34. మూడింటికి అతను లేడు కాబట్టి 27 మ్యాచుల్లో 34 అన్నమాట. అప్పటికి 51.

ముందు ఏడాది మిడిల్స్‌బరో ఆటగాడు జార్జ్ కామ్సెల్ రెండో డివిజన్‌లో 37 మ్యాచుల్లో 59 కొట్టి రికార్డు పెట్టాడు. దాన్ని దాటాలంటే మూడు మ్యాచుల్లో తొమ్మిది కావాలి. ఆస్టన్ విల్లా మీద 2. బర్న్‌లీ మైదానంలో 4. మిగిలింది మే 5న ఎవర్టన్ అప్పటి సొంత మైదానం గుడిసన్ పార్క్‌లో ఆర్సెనల్‌తో మ్యాచ్, అందులో మూడు కావాలి. ఎవర్టన్‌కి టైటిల్ అప్పటికే ఖాయమైపోయింది, జనం వచ్చింది ఈ మూడు గోల్స్ కోసమే. ఆర్సెనల్ మొదట్లోనే గోలు పెట్టింది. వెంటనే డీన్ సమం చేశాడు, కాసేపటికే పెనాల్టీతో రెండోది. 59. ఇక అక్కడ ఆగిపోయింది. స్కోరు 2-2, సగం ఆట దాటింది, గంట దాటింది, మూడోది రాదు. ఈ గీత నింపుతుంటే, తొంభై ఏళ్లకు పైగా గడిచిన మ్యాచ్‌కి నాకెందుకో టెన్షన్! ఆట ఇంకొద్ది నిమిషాల్లో ముగుస్తుందనగా లెఫ్ట్ వింగర్ అలెక్ ట్రూప్ కార్నర్ తీశాడు, డీన్ తలతో కొట్టాడు. 60. చివర్లో ఆర్సెనల్ మళ్లీ సమం చేసి 3-3తో ముగించింది, ఆ గోలు ఎవరైనా పట్టించుకున్నారో లేదో. ఆ సీజన్‌లో జట్టు మొత్తం కొట్టినవి 102.

షీటు పైన చిన్న జెర్సీ బొమ్మ వేసి, వెనక 9 అని రాశాను. ఎవర్టన్‌లో 9 అంటే డీన్ కదా. రెండు రోజులకి వెలిగింది: 1928లో అతని చొక్కాకి అంకే లేదు! 1933 కప్పు ఫైనల్లో ఎవర్టన్ 1 నుంచి 11, మాంచెస్టర్ సిటీ 12 నుంచి 22 వేసుకున్నాయి, డీన్‌కి 9 వచ్చింది అప్పుడే. లీగ్‌లో అంకెలు తప్పనిసరి అయింది 1939లో. రబ్బరుతో చెరిపితే కాగితం పొర లేచింది. బొమ్మ మీద తెల్ల కాగితం అతికించి, అంకె లేని నీలం చొక్కా మళ్లీ వేశాను.

ఆరో వారం

వరుసల కింద కూడుతూ పోయే మొత్తం కూడా రాస్తున్నాను, ట్రాన్‌మియర్ 27తో మొదలుపెట్టి. 1935-36 చివర వచ్చిన అంకె 351. అప్పటిదాకా లీగ్ గోల్స్ రికార్డు స్టీవ్ బ్లూమర్‌ది, 1914లో ఆట ఆపేసరికి అతనివి 352. అంటే డీన్ ఒక్క గోలు తక్కువతో వేసవి సెలవులకి వెళ్లాడు! 1936లో కొత్త సీజన్ మొదలయ్యాక దాటాడు. ఈ రెండు అంకెలూ నాకు విడివిడిగా తెలుసు, ఇంత దగ్గరగా పక్కపక్కన ఉన్నాయని మాత్రం కింద కూడుతుంటేనే కనిపించింది.

1938 మార్చిలో నాట్స్ కౌంటీకి వెళ్లి 9 మ్యాచుల్లో 3 కొట్టాడు, దాంతో ఇంగ్లిష్ లీగ్ మొత్తం 379. ఆ మూడింటికి రంగు వేయలేదు, వట్టి గళ్లు గీసి వదిలేశాను. ఐర్లండ్‌లో స్లైగో రోవర్స్‌కి 1939లో ఏడు లీగ్ మ్యాచుల్లో కొట్టిన పదీ ఆకుపచ్చలో. చార్టు కింద కుడి మూల ఒక తేదీ ఉంది: 1980 మార్చి 1. ఎవర్టన్, లివర్‌పూల్ మ్యాచ్ చూస్తూ గుడిసన్ పార్క్‌లోనే గుండెపోటుతో పోయాడు.

ఫ్రేము కట్టే అతనికి కొలతలు ఇచ్చాను. షీటు చూసి "ఇది కరెంటు బిల్లు లెక్కా సార్?" అన్నాడు. అద్దం మామూలుదే చెప్పాను, కానీ కిటికీకి ఎదురుగా తగిలించను, పెన్సిలు నీలం ఎండకి వెలిసిపోతుంది. ఇంకా ఒక్క గడి మిగిలింది, 1937-38ది. ఐదు మ్యాచులు, ఒక గోలు. ముదురు నీలం రెండో పెన్సిలు కూడా చేతికి అందనంత చిన్నదైపోయింది. ఆ ఒక్క గడి కోసం సోమవారం మళ్లీ షాపుకి వెళ్లాలి.