బోనెట్ అప్పటికే వేడిగా ఉంది

"చెయ్యి పెట్టి చూడు తమ్మీ" అన్నాడు మా మెకానిక్ అన్న. పెట్టాను, చుర్రుమంది. నార్సింగిలో ఓ సెకండ్‌హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్ళాం, పొద్దున్నే ఏడింటికి. అంటే మేం రాకముందే బండిని వేడెక్కించి పెట్టారు.

టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే ఫ్యాన్) ఉన్న బండిని చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. ఇంజన్ లోపలి చైన్ గలగల, సైలెన్సర్‌లోంచి వచ్చే నీలం పొగ అప్పుడే బయటపడతాయి. వేడెక్కాక అన్నీ మంచి బళ్ళే.

బండేమో స్కోడా ఆక్టావియా వీఆర్‌ఎస్, 2017 మోడల్. 2.0 లీటర్ టీఎస్‌ఐ (టర్బో పెట్రోల్) ఇంజన్, 230 పీఎస్ పవర్. ఎప్పట్నుంచో దాని మీదే నా ప్రాణం. చల్లారాక అన్న ఇన్‌టేక్ పైపు విప్పి టర్బో షాఫ్ట్‌ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. పక్కలకి కొంచెం ఊగితే పర్లేదు, ముందుకీ వెనక్కీ మాత్రం కదలకూడదు. ఇది కదిలింది, అంటే టర్బో అరిగిందన్నమాట. ఇంకేం మాట్లాడకుండా పైపు బిగించేశాడు.

ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ (1.2 ఇంజన్‌ది) తీసుకోమంటున్నారు ఫ్రెండ్స్. మంచి బండే, నాకూ ఇష్టమే. కానీ పవర్ పెంచే ట్యూనింగ్‌కి దిగేవాడు ఎంత పవర్ వస్తుందో తర్వాత, ముందు గేర్‌బాక్స్ ఎంత మోస్తుందో చూడాలి. పోలోలోని డ్రై క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) మోయగల టార్క్, అంటే తిప్పే బలం, 250 న్యూటన్ మీటర్లే. వీఆర్‌ఎస్ ఇంజన్ కంపెనీ నుంచే 350 ఇస్తుంది, పైగా దాని గేర్‌బాక్స్‌ది ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్.

కొంపల్లిలో ఇంకో వీఆర్‌ఎస్ ఉందంట, సర్వీస్ రికార్డు మొత్తం ఉందన్నారు. ఆదివారం వెళ్తున్నాం. రీమ్యాప్ (ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించి సిటీలో రోజూ నడిపేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎండాకాలం ట్రాఫిక్‌లో గేర్‌బాక్స్ ఎలా తట్టుకుంటోంది?