తాతయ్య ఇటలీ కోటు ఉతకొద్దు

మా పిన్ని కూతురు తాడేపల్లిగూడెం నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, తాతయ్య మిలిటరీ కోటు బీరువాలోంచి తీశాం, డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేయనా?" అంది. నేను వచ్చేదాకా నీళ్ళు గానీ ఇస్త్రీపెట్టె గానీ దాని దగ్గరికి రానివ్వకమ్మా అన్నాను. పాత యూనిఫారాలు పోగేస్తానని తెలిసి ఇదే ప్రశ్న చాలామంది అడుగుతుంటారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

తాతయ్య మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలో వంతెనలు, దారులు వేసే ఇంజనీర్ల దళంలో పనిచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 మొదట్లో ఇటలీలోని కాసినో కొండ కింద పోరాడిన నాలుగో ఇండియన్ డివిజన్‌లో ఉన్నారు. ఇటలీ చలికి ఇచ్చిన ముతక ఉన్ని పొట్టి కోటు అది. బర్మా వెళ్ళినవాళ్ళకైతే పల్చటి ఆకుపచ్చ నూలు బట్టలు ఇచ్చేవారు. ఎడమ జేబు పైన ఇటలీ స్టార్ (అక్కడ పోరాడినవాళ్ళకిచ్చిన పతకం) రిబ్బను కుట్టి ఉంది: ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, మళ్ళీ తెలుపు, ఎరుపు. తడి తగిలితే ఆ ఎరుపు పక్కనున్న తెలుపులోకి దిగిపోతుంది. ఒకసారి దిగితే ఎవరి తరమూ కాదు.

కాలరు లోపల చూడండి. రెండు చుక్కలు, ఒక అడ్డగీత. అది చాకలి గుర్తు. నల్లజీడి పిక్క రసంతో పెట్టేవారు, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. దాని పక్కనే లేబుల్ మీద సైజు, సంవత్సరం సిరాతో ముద్ర వేసి ఉన్నాయి. ఆ సిరాకి ఆ గట్టితనం లేదు. ఇప్పటికే సంవత్సరంలో చివరి అంకె సగమే కనబడుతోంది. ఇంకొక్కసారి ఉతికితే ఆ సగమూ ఉండదు.

"చాకలి గుర్తు ఉందంటే తాతయ్యే ఉతికించుకున్నట్టేగా, మనం ఉతికితే ఏమైంది?" అంది చెల్లెలు. న్యాయమైన ప్రశ్నే. కానీ అప్పుడు ఆ ఉన్నికి వయసు లేదు, ఇప్పుడు ఎనభై ఏళ్ళు. ఉన్నిపోగు తడిస్తే బలం తగ్గుతుంది. పురుగు కొరికి పల్చబడిన చోట బట్ట తన బరువుకే విచ్చుకుంటుంది. వేడినీళ్ళలో వేసి రుద్దితే పోగులు ఒకదాన్నొకటి పట్టేసుకుని కోటు కుంచించుకుపోతుంది. నడుము దగ్గర ఇనప బకిల్ ఉంది, దాని తుప్పు తడికి చుట్టూ పాకుతుంది. బ్రాసో (లోహాలు తోమే పాలిష్) రాసి మెరిపించాలని కూడా చూడకండి, తెల్లటి పొడి కుట్లలో ఇరుక్కుని ఎప్పటికీ రాదు.

ఇంకో సంగతి. ఇప్పటి సబ్బుపొడుల్లో బట్ట తెల్లగా కనబడటానికి కలిపే మెరుపు రసాయనాలు ఉంటాయి. దొంగనోట్లు చూసే ఊదారంగు టార్చి వేస్తే అవి నీలంగా వెలుగుతాయి. పాత యూనిఫారాలు కొనేవాళ్ళు నకిలీని పట్టుకోవడానికి మొదట వేసేది ఆ టార్చే. అసలైన కోటుని మనమే ఉతికి, నకిలీ అని అనుమానించేలా చేసి పెట్టడం ఎంత అన్యాయం! మేం ఆ కోటు అమ్మం. అయినా రేపు ఏ మ్యూజియంకో ఇవ్వాలనుకుంటే అది తన సంగతి తానే చెప్పుకోగలగాలి.

అలాగని దుమ్ముతో అలాగే ఉంచమని కాదు. చెమట ఉప్పు, దుమ్ము, జిడ్డు పురుగుల్ని పిలుస్తాయి. మా గోదావరి జిల్లాల చెమ్మకి బూజు కూడా తోడవుతుంది. జేబు మూల తిరగేస్తే బియ్యపు గింజంత పురుగు గూళ్ళు కనబడ్డాయి. అందుకని కోటుని పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి తీసి, మూతి గట్టిగా బిగించి డీప్ ఫ్రీజర్లో పెట్టాం. మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకూడదు. విప్పితే గాలిలోని చెమ్మ బట్టకే పడుతుంది. తర్వాత తెల్ల దుప్పటి మీద పరిచి, వాక్యూమ్ క్లీనర్ మూతికి దోమతెర గుడ్డ కట్టి, తక్కువ జోరులో మెల్లగా దుమ్ము లాగాం. రిబ్బను జోలికి పోలేదు. మోచేతి దగ్గర అరచేయంత గ్రీజు మరక ఉంది. సాపర్లు వంతెనలు కట్టేవాళ్ళు, అది ఏ పని దగ్గర అంటిందో మరి. దాన్ని ముట్టుకోనివ్వలేదు, ముట్టుకోనివ్వను కూడా.

కలరా ఉండలు బట్టకి తగిలేలా వేయొద్దు. వేపాకు వేసినా రంగు దిగి మరకపడుతుంది. గంజి, నీలిమందు పెట్టని పాత నూలు పంచెలో చుట్టి, మడతల మధ్య గుడ్డ ఉండలు పెట్టి, పడుకోబెట్టి ఉంచితే చాలు. హ్యాంగరుకి తగిలిస్తే బరువంతా భుజాల కుట్లు మోయాలి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీసి చూసుకోవాలి.

తాతయ్య పేరు, సర్వీసు నంబరు, కంపెనీ, కోటు ఇంటికి ఎప్పుడు ఎలా వచ్చిందో కాగితం మీద పెన్సిలుతో రాసి అందులోనే పెట్టమన్నాను. ఆ గ్రీజు మరక గురించి తాతయ్య ఎప్పుడైనా ఏమైనా అన్నారా అన్నది పెద్దమ్మకే తెలియాలి. ఆవిడకి ఎనభై దాటాయి. సంక్రాంతి దాకా ఆగకుండా ఈ వారమే కూర్చోబెట్టి అడిగి రాయమని చెల్లెలికి గట్టిగా చెప్పాను.