పండుగాడికి షుగర్

మొదట మాకు చెప్పింది చీమలు. మా పిల్లి పండుగాడు ఉచ్చకు వెళ్లే ఇసుక ట్రే బాల్కనీలో ఓ మూల ఉంటుంది, పదేళ్లలో అక్కడ చీమన్నది చూడలేదు, ఈ మార్చిలో ఒకరోజు పొద్దున్నే చూస్తే ట్రే అంచు మీదుగా ఇసుకలోకి సన్నగా బారు కట్టాయి. అమ్మ చీమల చాక్‌పీసు తెచ్చింది, నేను వద్దన్నాను (అందులో ఉండే మందు పిల్లులకు విషం, పిల్లి ఉన్న ఇంట్లో ఆ గీతలు గీయకండి). ట్రే కడిగి కొత్త ఇసుక పోశాం. మర్నాటికి మళ్లీ బారు. అప్పుడు నాన్న కుర్చీలోంచే, "మా చిన్నప్పుడు ఉచ్చ పోసిన చోట చీమలు పడితే షుగర్ అనేవాళ్లమ్మా, వీణ్ణి ఒకసారి చూపించు" అన్నారు.

నాన్నకి పదిహేనేళ్లుగా షుగర్. ఆయన ఆ మాట అన్నాక ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. నెల రోజులుగా గిన్నెలో నీళ్లు చాలక బాత్రూంలో మగ్గులో తల పెట్టి తాగుతున్నాడు. ట్రేలో ఉచ్చకు ముద్దకట్టిన ఇసుక నిమ్మకాయంత గడ్డలుగా తీసేదాన్ని, ఇప్పుడు కొబ్బరిచిప్పంతవి తీస్తున్నాను. ఆకలి బాగా ఉంది, పెట్టిందల్లా తింటున్నాడు, అయినా తిన్నది ఒంటికి పట్టడం లేదు, వీపు నిమిరితే వెన్నుపూసలు చేతికి తగులుతున్నాయి. అన్నిటికంటే నన్ను ఇప్పటికీ బాధపెట్టేది వాడి నడక. పిల్లి మునివేళ్ల మీద నడుస్తుంది కదా, వీడు వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి కుందేలులా నడుస్తున్నాడు. వయసు మీద పడిందనుకున్నాం. అది షుగర్ వల్ల నరాలు దెబ్బతిని వచ్చే నడకట.

క్లినిక్‌లో చూస్తే 412. ఆ ఒక్క అంకె చూసి నిర్ణయించకూడదన్నారు డాక్టర్, ఎందుకంటే పిల్లికి భయం వేస్తే చాలు, రోగం లేకపోయినా షుగర్ 300 దాటిపోవచ్చు. అందుకని మూత్రం చూశారు, రక్తంలో ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష కూడా చేయించారు, అది గడిచిన రెండు వారాల్లో షుగర్ సగటున ఎలా ఉందో చెబుతుంది. రెండింట్లోనూ ఖాయమైంది. ఒకప్పుడు 6.8 కిలోలు ఉన్నవాడు ఆ రోజు 5.1 తూగాడు. పదేళ్ల వయసు, ఆపరేషన్ అయిన మగపిల్లి, లావు, రోజంతా గిన్నె నిండా పొడి మేత, మధ్యాహ్నం అమ్మ చేత్తో కలిపిన పెరుగన్నం. పిల్లులకు షుగర్ రావడానికి కావలసినవన్నీ వీడి దగ్గర ఉన్నాయి, మాకే తెలియలేదు.

బంధువుల్లో ఒకరు నాన్న వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్రే చిన్న ముక్క పెట్టమన్నారు. దయచేసి ఆ పని చేయకండి. పిల్లుల కోసమే తయారైన మాత్ర ఒకటి, బెక్సాగ్లిఫ్లోజిన్, అమెరికాలో 2022 డిసెంబరులో అనుమతి పొందింది, కానీ అది కూడా అన్ని పిల్లులకూ పడేది కాదు. మాకు డాక్టర్ ఇన్సులినే రాశారు, గ్లార్జిన్, పన్నెండు గంటలకొకసారి ఒక యూనిట్. (మీ పిల్లికి ఎంత అన్నది మీ డాక్టరే చెప్పాలి, మా లెక్క పట్టుకోకండి.)

సూది అంటే మొదటి రోజు నా చేతులు వణికాయి. నిజానికి అది అన్నిటికంటే సులువైన పని. వాడు గిన్నెలో మూతి పెట్టగానే భుజాల మధ్య తోలు రెండు వేళ్లతో గుడారంలా పైకెత్తి, ఆ మడతలోకి సూది గుచ్చి మెల్లగా నొక్కితే అయిపోతుంది, వాడు తల కూడా ఎత్తడు. ఒక్కోసారి సూది అటువైపు బయటికొచ్చి మందు బొచ్చు మీద పడుతుంది, వేలికి తడి తగులుతుంది. అలాంటప్పుడు "ఎంత పోయిందో ఏమో" అని మళ్లీ వేయకూడదు, తర్వాతి పూట దాకా ఆగాలి. ఒక పూట షుగర్ ఎక్కువుంటే పిల్లి తట్టుకుంటుంది, తక్కువైతే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. అలాగే వాడు తినకపోతే సూది వేయకుండా ముందు డాక్టర్‌కి ఫోన్ చేయాలి.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం నాలుగో వారంలో జరిగింది. ఆ రోజు నాకు ఆఫీసులో లేటైంది. ఏడు గంటల సూది నాన్నను వేయమని ఫోన్ చేశాను. రోజూ తనకు తానే వేసుకునే మనిషి, అనుమానించాల్సిందేమీ లేదు. సీసా సరైనదే తీశారు, సిరంజి మాత్రం తనది వాడారు. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ రెండు రకాలుగా దొరుకుతుంది, మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ మూత సిరంజి. నాన్నది ఎర్ర మూత. పండుగాడి గ్లార్జిన్ 100 యూనిట్లది. ఎర్ర మూత సిరంజిలో ఒక్క గీత వరకూ ఆ మందు లాగితే అది ఒక యూనిట్ కాదు, రెండున్నర. నాన్న తప్పేమీ లేదు, ఈ తేడా ఆయనకు నేను చెప్పలేదు.

రాత్రి పదకొండున్నరకు వాషింగ్ మెషిన్ వెనక దొరికాడు. తల ఊగుతోంది, కాళ్లు నిలవడం లేదు, పేరు పెట్టి పిలిస్తే నా వైపు కాకుండా గోడ వైపు చూస్తున్నాడు. చెవి గుచ్చి షుగర్ చూస్తే 46. తేనె వేలికి తీసుకుని పెదవి పైకెత్తి చిగుళ్లకు రాశాను, కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ. నోట్లో పోయకూడదు, ఆ స్థితిలో మింగలేరు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పది నిమిషాలకు నాలుక బయటపెట్టి వేలు నాకాడు. వెంటనే ఆటోలో రాత్రి తెరిచి ఉండే క్లినిక్‌కి వెళ్లాం, తెల్లారేదాకా గ్లూకోజు ఎక్కించారు. నాన్న లోపలికి రాలేదు, బయట బెంచీ మీదే కూర్చున్నారు.

ఇప్పుడు పండుగాడి సీసా, నారింజ మూత సిరంజిలు పాత స్టీలు టిఫిన్ డబ్బాలో ఫ్రిజ్ పై అరలో ఉంటాయి, నాన్నవి డోరులో. ఫ్రిజ్ తలుపు మీద క్యాలెండర్, సూది వేసిన వాళ్లు టిక్కు పెట్టాలి, లేకపోతే ఇద్దరూ వేసేసే ప్రమాదం ఉంది. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లూ షుగర్ ఉన్న పిల్లీ ఉంటే ఈ రాత్రే రెండు సిరంజిల మూతల రంగులు చూసుకోండి.

మేత కూడా మార్చాం. పిల్లి పుట్టుకతో మాంసాహారి, అన్నమూ పొడి మేతలోని పిండీ దాని ఒంటికి భారమే. పిండి తక్కువున్న తడి మేతకు నెమ్మదిగా, డాక్టర్‌కి చెబుతూ మారాం, ఎందుకంటే ఒక పక్క ఇన్సులిన్ ఇస్తూ ఒక్కసారిగా మేత మారిస్తే షుగర్ పడిపోవచ్చు. రోజూ ఉడికించిన చికెన్ ఒక్కటే పెడదామన్నా కుదరదు, ఉత్త మాంసంలో కాల్షియం చాలదు, ఉడికించిన నీళ్లు పారబోస్తే టారిన్ అనే పోషకం కూడా పోతుంది, టారిన్ లేకపోతే పిల్లికి గుండే కళ్లూ దెబ్బతింటాయి. పెరుగన్నం మానిపించడం అమ్మకే కష్టమైంది. వాడు గిన్నె దగ్గరికొచ్చి మొహంలోకి చూస్తే ఆవిడ తింటున్న కంచం తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

చెవి గుచ్చడం రెండు వారాల్లో అలవాటైంది. చెవి అంచున సన్నటి రక్తనాళం కనబడుతుంది, గోరువెచ్చటి గుడ్డ నిమిషంసేపు పట్టి ఉంచి, వెనక దూది పెట్టి అంచున గుచ్చితే ఆవగింజంత చుక్క వస్తుంది, అంత చాలు. నాన్న గ్లూకోమీటరే వాడుతున్నాం, మనుషుల మీటరు పిల్లులకు సాధారణంగా కొంచెం తక్కువ చూపిస్తుంది, అందుకే ఎప్పుడూ ఒకే మీటరుతో చూడమన్నారు.

ఇప్పుడు జులై. అంకెలు ఎక్కువగా 150కీ 250కీ మధ్య ఉంటున్నాయి, బరువు 5.6. కొన్ని పిల్లులకు, ముఖ్యంగా తొలి నెలల్లోనే షుగర్ అదుపులోకి వస్తే, ఇన్సులిన్ అవసరమే లేకుండా పోతుందని డాక్టర్ చెప్పారు, మాకు ఆ ఆశ గట్టిగా ఉంది, వచ్చే నెల మళ్లీ ఫ్రక్టోసమైన్. చీమలు రావడం లేదు. మడమలు నేల వదిలాయి, ఎడమది ఇంకా కొంచెం వాలుతుంది. మొన్న శుక్రవారం ఒక్క దూకున కిటికీ గట్టు ఎక్కాడు, ఫిబ్రవరి తర్వాత అదే మొదటిసారి. నేను ఆఫీసులో ఉన్నాను, నాన్న ఫోన్ చేసి చెప్పారు.