కష్టాలు తట్టుకునే ఇంగ్లిష్ మాటలు పోలిష్‌లోకి: అనువాద సాధన, ఈ నెల పని

ఈ నెల తీసుకున్నవి ‘కోప్ విత్’, ‘ఫేస్ ద ఛాలెంజ్’, ‘బైట్ ద బుల్లెట్’ లాంటివి. జాబితా చిన్నదే. కానీ పోలిష్‌లో ఏడు విభక్తులున్నాయి, క్రియ ఏ విభక్తిని అడుగుతుందో తెలియకపోతే ఒక్క వాక్యమూ నిలబడదు. అందుకే ఆంకిలో (కార్డులు తిప్పుతూ గుర్తుపెట్టుకునే యాప్) కార్డుల పద్ధతి మార్చాను. ముందువైపు పూర్తి ఇంగ్లిష్ వాక్యం, వెనకవైపు పూర్తి పోలిష్ వాక్యం, దాని కింద ఎర్ర అక్షరాల్లో ‘తో’, ‘కి’, ‘ని’లలో ఒకటి. మన విభక్తులే గుర్తులుగా పెట్టుకుంటే పట్టికలు బట్టీ పట్టే బాధ చాలావరకు తగ్గుతోంది.

ఎక్కువ సమయం తీసుకుంది ‘రాజిచ్ సొబ్యె’. ‘కోప్ విత్’కి రోజూ వినపడే మాట ఇదే. దీని గుర్తు ‘తో’: ప్రొబ్లెమ్ అనే పదం ‘స్ ప్రొబ్లెమెమ్’ అవుతుంది, అంటే సమస్యతో. అసలు చిక్కు క్రియ దగ్గర ఉంది. ‘రాద్జె సొబ్యె’ అంటే ఎలాగోలా నెట్టుకొస్తున్నాను. ముందు ‘పొ’ చేరి ‘పొరాద్జె సొబ్యె’ అయితే గట్టెక్కుతాను అని భవిష్యత్తులోకి వెళ్తుంది. కాబట్టి ఇంగ్లిష్ వాక్యం చూడగానే మనిషి ఇంకా కష్టం మధ్యలో ఉన్నాడా, బయటపడే మాట చెబుతున్నాడా అని తేల్చుకుని అప్పుడే పెన్ను పెడుతున్నాను. నెట్టుకురావడం, గట్టెక్కడం అని తెలుగులో విడిగా ఉండటం ఇక్కడ పెద్ద సాయం.

‘ఫేస్’కి ‘స్తావిచ్ చొవా’, ‘రైజ్ టు’కి ‘స్ప్రొస్తాచ్’. రెండింటి గుర్తూ ‘కి’. మనం సవాలును ఎదుర్కొంటాం, వాళ్లు సవాలుకి ఎదురు నిలుస్తారు. మొదటిది ఎదురు నిలవడం వరకే, రెండోదానిలో నెగ్గడం కూడా ఉంది. రెండూ వార్తల్లో, ఉపన్యాసాల్లో బాగుంటాయి. పరీక్ష రాయబోతున్న స్నేహితుడికి మాత్రం ‘దాష్ రాదె’ అనాలి, నువ్వు చేయగలవు అని.

‘బైట్ ద బుల్లెట్’కి ‘జాచిస్నొంచ్ జెంబి’, పళ్లు బిగించడం. మన ‘పళ్ల బిగువున’ పక్కనే కూర్చుంటుంది కాబట్టి కార్డు కూడా అక్కర్లేకపోయింది. పెనం మీంచి పొయ్యిలో పడటం వాళ్లకు వానలోంచి చూరు గొట్టం కిందికి వెళ్లడం.

‘పుల్ యువర్‌సెల్ఫ్ టుగెదర్’కి, అంటే తమాయించుకో అనడానికి, నిఘంటువు ‘వెష్ షె వ్ గార్ష్చ్’ ఇస్తుంది. అర్థం సరిపోతుంది, కానీ దుఃఖంలో ఉన్నవాళ్లకు ఈ మాట చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం; చాలా కటువుగా తగులుతుంది. వాళ్ల కోసం ‘త్షిమాయ్ షె’ రాసుకున్నాను. నిలదొక్కుకో అనే ఓదార్పూ అదే, వెళ్లొస్తా అని సెలవు తీసుకునే మాటా అదే.

సరిచూసుకోవడానికి పోలిష్ అకాడమీ వారి ఆన్‌లైన్ మహానిఘంటువు బాగా పనికొస్తోంది. ప్రతి క్రియ కింద వాక్యనిర్మాణం విడిగా ఇస్తారు, ఏ విభక్తి అన్నది అక్కడే తేలిపోతుంది. మాట నిజంగా వాడుకలో ఉందా అన్నది, అసలు రాతలూ మాటలూ పోగుచేసిన పోలిష్ జాతీయ కార్పస్‌లో వెతుకుతాను. టైపింగ్‌కు ‘పోలిష్ ప్రోగ్రామర్స్’ కీబోర్డు చాలు: కుడి ఆల్ట్ పట్టుకుని అక్షరం నొక్కితే తోకలూ గీతలూ వస్తాయి. జెడ్ మీద చుక్క కావాలంటే జెడ్ మీటే, ఏటవాలు గీత కావాలంటే ఎక్స్ మీట.

వచ్చే నెల విశేషణాలు చేర్చాలి. మనకు ‘కష్టమైన’ ఎక్కడైనా కష్టమైనే. పోలిష్‌లో అదీ నామవాచకంతో పాటు మారుతుంది. ‘స్ త్రుద్నొం సితుఅత్స్యొం’, కష్టమైన పరిస్థితితో, అన్న వాక్యంతో మొదలుపెడుతున్నాను.